కప్పునుండి దిగు చలువ



వేసవి రాత్రులయందు మన పల్లెలలో భోజనములైన పిమ్మట మంచము ఎక్కడ వేయవలెనను విచారము పుట్టును. వాకిట వేసిన ఒక తీరు, వేపచెట్టు క్రింద వేసిన ఒక తీరు, వసారాలో వేసిన మఱియొక తీరు. గాలి మూడు చోట్లను ఒక్కటియే. ఆకు కదలని రాత్రియందైనను ఆరుబయట పండుకొన్నవానికి తెల్లవారుజామున దుప్పటి కావలసివచ్చును. చెట్టు క్రిందివానికి దాని అవసరము లేదు. వసారాలోనివాడు విసనకఱ్ఱను చేత విడువడు. గాలి ఒక్కటియే యైనపుడు ఈ భేదము ఎక్కడనుండి వచ్చినది? దుప్పటి కప్పుకొన్నవాడును అడుగలేదు, విసరుకొన్నవాడును అడుగలేదు. ఇంటిని కప్పుద్వారా వెచ్చజేయుట, చల్లజేయుట అను విద్య యొకటి కలదు. దాని చరిత్రయంతయు ఈ ప్రశ్నకు సమాధానమే. నేటి ప్రసంగమున దానినే విన్నవింపదలచితిని.

ముందుగా నా అనుభవ మొకటి మనవిచేసెదను. నేను ఉపాధ్యాయుడనై తొలుత పనిచేసిన పాఠశాల రేకుల కప్పు గలది. దాని పేరు చెప్పను. అట్టివి ఆ దినములలో ప్రతి తాలూకాలోను ఉండెను. ఏప్రిల్ నెలలో పరీక్షల సమయమున పదకొండు గంటలు దాటునప్పటికి ఆ గదిలో కూర్చుండుటయే పిల్లలకు శిక్షయయ్యెడిది. కిటికీలన్నియు తెఱచి యుంచితిమి. గ్రామస్థులు చందాలు వేసి రెండు పంకాలు బిగింపించిరి. గాలికి లోపము లేదు, సుఖము మాత్రము లేదు. ఒకనాడు ఐదవ తరగతి బాలిక యొకతె లెక్క చేయుచు చేయుచునే సొమ్మసిల్లి ప్రక్కకు ఒరిగినది. చెట్టు నీడకు మోసికొనిపోయి, మొగమున నీళ్లు చల్లిన పిదప కన్నులు తెఱచినది. మఱునాడు ఆమె తాత పాఠశాలకు వచ్చెను. గీత పనివాడు, చదువుకొన్నవాడు కాడు. ఆయన నాతో జగడమాడునని భయపడితిని. ఆయన గది నడుమ నిలిచి, అరచేతిని వెల్లకిల త్రిప్పి తలకు పైగా పట్టి, కొంతసేపు ఊరకుండి, "మేష్టారూ, గాలిది తప్పు కాదండీ. ఆ రేకు పిల్లల నెత్తిని చూస్తోంది. దాని చూపు తప్పించాలి" అనెను.

ఆ మాట నాకు చాదస్తముగా తోచెను. ఆయన మాత్రము తనవారిని నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి, రెండు దినములలో తాటాకు చాపలు అల్లించి, రేకునకు మూరెడు దిగువగా వాసములకు వ్రేలాడగట్టెను. నేను ఉన్నత పాఠశాలనుండి ఉష్ణమాపకము నొకదానిని అడిగి తెచ్చి గోడకు తగిలించి యుంటిని. చాపలు కట్టకముందు మధ్యాహ్నము గదిలోని గాలి 39 డిగ్రీలు చూపెను. కట్టిన పిమ్మట, అట్టి యెండగల దినముననే, 38 చూపెను. తగ్గినది ఒక్క డిగ్రీ. ఐనను ఆ మధ్యాహ్నము పిల్లలు ఒంటిగంట వఱకు నిలుకడగా కూర్చుండి పరీక్ష వ్రాసిరి. తాత గెలిచెను. ఉష్ణమాపకము చెప్పినది అబద్ధము కాదు, అది చెప్పవలసిన దంతయు చెప్పలేదు. తర్కశాస్త్రమున తేజస్సునకు ఉష్ణమైన స్పర్శ లక్షణమని గురువుగారి పాదములకడ చదివిన నాకు, స్పర్శ లేకయే, నడుమనున్న గాలితో ప్రసక్తి లేకయే, పైనున్న రేకు క్రిందనున్న తలను ఎట్లు కాల్చుచున్నదో బోధపడుటకు అనేక సంవత్సరములు పట్టెను.

పూర్వులు ఈ రహస్యమును పేరు తెలియకయే వాడుకొనిరి. రోమకులు తమ స్నానశాలల నేలను ఇటుక స్తంభములమీద నిలిపి, ఆ నేల క్రింది చోటులోనికి కొలిమి మంటను, పొగను పోనిచ్చెడివారు. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దివాడైన విట్రూవియస్ తన వాస్తుగ్రంథమున ఆ స్తంభములు రెండడుగుల ఎత్తుండవలెననియు, అడుగుభాగము కొలిమివైపునకు వాలుగా నుండి, లోనికి విసరిన బంతి నిలువక వెనుకకు దొరలి కొలిమినోటికి రావలెననియు విధించినాడు. ఎంత చక్కని కొలత! పామరుడైన తాపీవాడును బంతి నొకదానిని దొరలించి తన పనిని తానే పరీక్షించుకొనవచ్చును. పిమ్మట వారు గోడలలో సైతము బోలు మట్టిగొట్టములను పొదిగి వేడిని పైకి నడిపించిరి. ఇది తన యెఱుకలో వచ్చిన క్రొత్త వింతయని తత్త్వవేత్త సెనెకా వ్రాసియున్నాడు. వేలాడు స్నానశాలలను మొదట కల్పించినవాడు సెర్జియస్ ఒరాటా యని ప్లినీ చెప్పెను. ఈ ఒరాటా ఆల్చిప్పలను పెంచి అమ్మిన వర్తకుడు. నేటి యింజనీర్లు వ్రేలాడు పలకలనెడి మాట వాడునపుడెల్ల నాకు ఆ ఆల్చిప్పల వర్తకుడే జ్ఞప్తికి వచ్చును. ఆతడు వ్రేలాడదీసినది నేలను, వీరు వ్రేలాడదీయునది కప్పును.

కొరియా దేశమున ఈ విద్య స్నానశాలలలో నిలువక సామాన్యుని యింటిలోనికి వచ్చినది. దానిని వారు ఒండోల్ అందురు. వంటింటి పొయ్యిలోని మంట, పొగ పడుకగది నేల క్రింది కాలువలగుండ పోయి, ఆవలి ప్రక్కనున్న గొట్టముద్వారా వెడలిపోవును. ఆ కాలువలపై చదునైన రాతిపలకలు పఱచి, మట్టితో మెత్తి, నూనె పట్టించిన కాగితమును అంటింతురు. వండుకొన్న అన్నము, పండుకొన్న నేల ఒక్క మంటతోనే వెచ్చబడును. పొయ్యికి దగ్గఱనున్న చోటు అన్నిటికంటె వెచ్చనిది గనుక, దానిని ఇంటి పెద్దలకు విడుచుట అక్కడి మర్యాద. దక్షిణ కొరియా ప్రభుత్వము 2018వ సంవత్సరమున ఒండోల్ సంప్రదాయమును జాతీయ వారసత్వ సంపదగా ప్రకటించినది.

ఇక ఈ చూపు అను మాటకు శాస్త్రము పలికిన అర్థము. పదునెనిమిదవ శతాబ్ది చివర జెనీవా నగరమున పిక్టే అను పండితు డుండెను. ఆతడు పుటాకారపు తగరపు అద్దములు రెండింటిని పది అడుగులకు పైగా ఎడముగా, ఎదురెదురుగా నిలిపి, ఒకదాని నాభియందు ఉష్ణమాపకమును, రెండవదాని నాభియందు వేడి వస్తువును ఉంచినపుడు, ఉష్ణమాపకము పైకి లేచెను. అది వింత కాదు. పిమ్మట వేడి వస్తువును తీసి, మంచు నింపిన కుప్పెను ఆ స్థానమున నుంచెను. వెంటనే ఆవలి ఉష్ణమాపకము డిగ్రీలకొలది దిగిపోయినది! అట్లైన మంచునుండి చలికిరణములు బయలుదేఱి అద్దములపై తగిలి వచ్చినవా? పిక్టేకే ఇది విస్మయము కలిగించెను.

ఆ నగరమువాడే యైన ప్రెవో 1791లో సమాధానము చెప్పెను. చలికి కిరణములు లేవు. లోకమునగల ప్రతి వస్తువును, వేడిదైనను చల్లనిదైనను, ఎల్లప్పుడును వేడిమిని కిరణములుగా వెదజల్లుచునే యుండును, ఎదుటి వస్తువులనుండి గ్రహించుచునే యుండును. ఉష్ణమాపకము మంచునకు ఎక్కువ ఇచ్చి తక్కువ పుచ్చుకొన్నది. కావున దిగిపోయినది. ఇది కేవలము ఇచ్చిపుచ్చుకొనుటయే. మన యూళ్లలో వివాహములయందు చదివింపుల చిట్టా వ్రాసినట్లు, ప్రతి వస్తువునకును ఎదుట కనబడు ప్రతి వస్తువుతో ఒక పద్దు కలదు. ఎక్కువ వేడిగలవాడు నష్టపడును, తక్కువ వేడిగలవాడు లాభపడును. దీనినే శాస్త్రజ్ఞులు వికిరణ మందురు. దీనికి గాలితో పని లేదు. సూర్యుని వేడిమి శూన్యమును దాటి మనకు వచ్చుట ఈ త్రోవనే కదా.

ఇందులో మన దేశమునకు గల పాలు చాలమందికి తెలియదు. ప్రెవో ఈ సిద్ధాంతము చెప్పుటకు ముందే, 1775లో, రాబర్ట్ బార్కర్ అను ఆంగ్ల సైనికాధికారి లండనులోని రాయల్ సొసైటీవారి పత్రికలో అలహాబాదు పరిసరములందు మంచుగడ్డ తయారుచేయు విధమును వర్ణించినాడు. మైదానమున ముప్పది అడుగుల చదరముగా, రెండడుగుల లోతుగా గుంతలు త్రవ్వి, అందు ఎండిన చెఱకు చొప్పను గాని మొక్కజొన్న చొప్పను గాని జానెడు మందము పఱచి, దానిపై పలుచని మట్టిమూకుళ్లు వరుసగా పేర్చి, కాచి చల్లార్చిన నీటిని ప్రొద్దు గ్రుంకునప్పుడు పోసెడివారు. నిర్మలమైన చలికాలపు రాత్రియందు తెల్లవారునప్పటికి ఆ నీరు పెచ్చుకట్టి యుండెడిది. సూర్యోదయమునకు ముందే దానిని ఏఱి గోతులలో దాచి వేసవికి నిలువయుంచెడివారు. గాలి గడ్డకట్టునంత చల్లగా లేని రాత్రులయందు సైతము నీరు గడ్డకట్టుట ఇందలి వింత. క్రింది చొప్ప భూమి వేడిని ఆపినది. మూకుటిలోని నీరు పైనున్న నిర్మలాకాశమునకు తన వేడిని ఇచ్చి, ప్రతిగా మిగుల తక్కువ పుచ్చుకొన్నది. ఆకాశమే చల్లని కప్పు! అక్షరము రాని ఆ కూలీలకు ఈ చిట్టాలెక్క చేతివ్రేళ్లలో నుండెను.

లండనులో వైద్యుడుగా నుండిన వెల్స్ అను నాతడు ఈ అలహాబాదు మంచును గూర్చియు విచారించినాడు. ఆతడు రోగపీడితుడై యుండియు రాత్రులయందు తోటలలో కూర్చుండి, సమానముగా తూచిన ఉన్నిపింజలను గడ్డిమీద కొన్ని, బల్ల క్రింద కొన్ని ఉంచి, ఉదయమున మరల తూచి ఎంత మంచు పట్టినదో లెక్కించెను. ఆకాశము కనబడుచోట నుంచిన ఉన్ని బాగుగ తడిసినది, బల్ల మాటుననున్నది కొంచెము మాత్రమే తడిసినది. అనగా ఆకాశమువైపు చూచు వస్తువు ముందుగా చల్లబడును, అట్లు చల్లబడిన దానిపై గాలిలోని తేమ నీరై పట్టును. 1814లో ఆతడు ప్రకటించిన మంచును గూర్చిన గ్రంథము నేటికిని పూజ్యమైనది. మనము మొదట అడిగిన మంచముల ప్రశ్నకు సమాధాన మిదియే. వాకిటివాడు ఆకాశమునకు ఇచ్చుచున్నాడు, చెట్టు క్రిందివాడు ఆకులతో ఇచ్చిపుచ్చుకొనుచున్నాడు, వసారావాడు పగలెల్ల కాగిన పెంకులనుండి పుచ్చుకొనుచున్నాడు. ఈ వెల్స్ మంచును మాత్రము జ్ఞప్తియందుంచుకొనుడు. కథలో ముందు అది మరల ఎదురగును.

మఱి నూఱేండ్లకు ఇంగ్లండులో మఱియొక బార్కర్ పుట్టుకవచ్చెను. మొదటి బార్కర్‌కు ఈతడు ఏమగునో నేనెఱుగను, ఏమియు కాకపోవచ్చును. ఆర్థర్ బార్కర్ అను ఈ ఆచార్యుడు 1907 ప్రాంతమున సన్నని వేడినీటి గొట్టములను గోడ గిలాబులోను, కప్పు కాంక్రీటులోను పూడ్చివేసిన యెడల గది చక్కగా వెచ్చబడునని కనుగొని, దానికి హక్కు పత్రములు పొందెను. అంతకుముందు వేడినీటితో ఇండ్లను వెచ్చజేయు పద్ధతి లేకపోలేదు. ఫ్రాన్సులో బోన్‌మాఁ అను నాతడు పదునెనిమిదవ శతాబ్దియందే కోడిగ్రుడ్లు పొదిగించుటకు వేడినీటి గొట్టములను వాడెను. ఇనుప పెట్టెలవంటి సాధనములు గదిమూలలందు నిలిచి గాలిని వేడి చేసెడివి. బార్కర్ చేసిన మార్పేమనగా, సాధనమును కంటికి కనబడకుండ చేసి, గోడనే, కప్పునే సాధనముగా మార్చుట.

అమెరికా దేశపు వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1914 ప్రాంతమున జపానునకు పోయి, చలికాలమున ఒక ప్రభువు ఇంటి విందునకు వెళ్లి చలికి గడగడ వణకి, భోజనానంతరము కొరియా పద్ధతి గదిలో కూర్చుండి, వేడి ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలియక ఆశ్చర్యపడెనట. తరువాత 1937లో మాడిసన్ నగరమున జేకబ్స్ దంపతులకు కట్టిన చిన్న యింటిలో నేలక్రింద గొట్టములు పఱపించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1947 మొదలుకొని, న్యూయార్కు చేరువ లెవిట్‌టౌనులో వేలకొలది చౌక యిండ్లను ఈ మాదిరినే కట్టిరి. కాంక్రీటులో పూడ్చిన రాగి గొట్టములు కొన్ని యేండ్లకు చివికి కారసాగెను. కారుచోటు తెలిసికొనుటకు నేల పగులగొట్టవలెను. విసిగినవారు ఆ గొట్టములను అట్లే చావనిచ్చి గోడలవెంట వేఱు సాధనములు పెట్టుకొనిరి. కంటికి కనబడని సాధనమునకు జబ్బు చేసిన చేయునది లేదు.

ఈ చిక్కునకే వ్రేలాడు పలకలు విరుగుడు. నార్వే దేశపు యింజనీరు గన్నార్ ఫ్రెంగర్ 1940 దశకమున ఒక తీరు కల్పించెను. అసలు కప్పునకు దిగువగా నీటిగొట్టముల చట్రమును వ్రేలాడదీయుదురు. ఆ గొట్టములకు పలుచని అల్యూమినియము పలకలను బిగింతురు. పలకలకు సన్నని రంధ్రము లుండును. వాని పైవైపున దూదివంటి పరుపును పఱతురు. ఆ పరుపు వేడి పైకి పోకుండ ఆపును, రంధ్రములగుండ చొచ్చిన చప్పుడును మ్రింగును. అల్యూమినియము వేడిని త్వరగా వ్యాపింపజేయు లోహము గనుక, గొట్టము వెచ్చనైన పలకయంతయు వెచ్చనగును. గొట్టము కారినచో ఒక్క పలకను ఊడదీసి బాగుచేసి మరల తగిలింపవచ్చును. మా గీత పనివాని తాటాకు చాపలకును దీనికిని వరుస ఒక్కటియే. చాపలలో నీరు పాఱలేదు, అంతియే భేదము.

ఆ గొట్టములలో చలికాలమున గోరువెచ్చని నీరును, వేసవిలో చల్లని నీరును పాఱింపవచ్చును గదా! పిట్స్‌బర్గు నగరమున అల్యూమినియము వ్యాపారులైన ఆల్కోవారు 1953లో పూర్తిచేసిన 410 అడుగుల ఎత్తుగల భవనమున అట్లే చేసిరి. గోడలవెంట సాధనములు లేకుండ, కప్పు పలకలే రెండు ఋతువులలోను పనిచేయునట్లు అమర్చిరి.

ఇది పనిచేయు విధము నొక్కమాఱు నిదానించి చూతము. ఊరక కూర్చున్న మనుష్యుని దేహమునుండి గంటల తరబడి ఇంచుమించు నూఱు వాట్ల దీపమునకు సమానమైన వేడి వెడలుచుండును. గాలి నిలుకడగా నుండి, మితమైన వాతావరణ మున్నపుడు, అందు సుమారు సగము కిరణములుగానే గోడలకు, నేలకు, కప్పునకు పోవును. మన చర్మము 33, 34 డిగ్రీల వేడి గలది. కప్పు అరువది డిగ్రీలకు కాగిన రేకైనచో మన మిచ్చుటకు మాఱుగా పుచ్చుకొందుము, ఆ బాలికకు పట్టిన గతి పట్టును. కప్పు పదునెనిమిది డిగ్రీలైనచో ఉదారముగా ఇచ్చివేయుదుము. గాలిని మిక్కిలి చల్లబఱుప నవసరము లేకయే సుఖము కలుగును. చదరపు మీటరు చల్లని పలక సామాన్యముగా ఒక మనుష్యుడు విడుచు వేడికి దగ్గఱగా గ్రహింపగలదు. గది వేడిని వెలికి మోయునది నీరు. గాలితో చూచిన, సమాన పరిమాణమున నీరు మూడువేల అయిదువందల రెట్లు వేడి మోయగలదు. గాలిచే మోయింపవలెనన్న మనిషి దూఱునంత పెట్టెలు కావలెను, నీటికి బొటనవ్రేలంత గొట్టము చాలును.

ఇంత సుగుణము గల పద్ధతి అప్పుడే లోకమంతట ఏల వ్యాపింపలేదు? రెండు కారణములు. మొదటిది, 1902లో అమెరికాలో ఒక ముద్రణాలయపు కాగితములు తేమకు ముడుతలు పడకుండ కాపాడుటకై కారియర్ అను యువకుడు గాలిని శుద్ధిచేసి ఆఱబెట్టు యంత్రమును కల్పించెను. అది క్రమముగా విశ్వరూపము దాల్చినది. చల్లగాలిని ఊదు యంత్రము కొనుట సులభము, బిగించుట సులభము. రెండవది ఆ వెల్స్ మంచు. గాలిలో ఎంత తేమ యున్నదో దానినిబట్టి ఒక తుషారస్థాన ముండును. దానికంటె చల్లనైన వస్తువుపై నీరు పట్టును. చల్లని చెంబు పైభాగము చెమర్చుట మన మందఱము చూచినదే. కప్పు చెమర్చినచో గదిలో వాన! గుమాస్తా లెక్కల పుస్తకముమీద చుక్క పడినపుడు యింజనీరు తత్త్వోపదేశము ఆతడు వినునా? తేమను అదుపులో నుంచక కప్పును చల్లజేసినచోట నెల్ల ఈ ఆపద పొంచియుండును.

ఈ విషయమున తెలుగుదేశము ఒక్కటి కాదు, రెండు. మే నెలలో తెలంగాణ మెట్టప్రాంతమున గాలి 40 డిగ్రీలుండి తేమ నూటికి 20 వంతులున్న మధ్యాహ్నము తుషారస్థానము 13 డిగ్రీలకు దగ్గఱ. పలకలో పదునాఱు డిగ్రీల నీరు పాఱినను చుక్క పడదు. కోస్తాలో గాలి 30 డిగ్రీలుండి తేమ 80 వంతులున్న సాయంకాలము తుషారస్థానము 26 డిగ్రీలు. అచట కిటికీ తెఱచి చల్లని కప్పు పెట్టుకొన్నవాడు గొడుగు కూడ పెట్టుకొనవలెను. కావున అట్టిచోట తలుపులు బిగించి, లోనికి వచ్చు గాలిని ముందుగా ఆఱబెట్టి, పిమ్మట మాత్రమే కప్పును చల్లజేయవలెను. తేమ తీయుట గాలి వంతు, వేడి తీయుట నీటి వంతు. ఈ పని విభాగమును బాగుగ నేర్చిన పిమ్మట, 1980, 1990 దశకములలో జర్మనీ, స్విట్జర్లాండు దేశములయందు చల్లని కప్పులు మరల తలయెత్తెను. అప్పటికి కార్యాలయములు గణక యంత్రములతో నిండి వేడెక్కినవి, ఊదుడు గాలికి ఉద్యోగులు విసిగియుండిరి. 1968లో థామస్ ఎంగెల్ కనుగొన్న గట్టి ప్లాస్టిక్కు గొట్టములు తుప్పు భయమును తీర్చినవి.

ఇచట డెన్మార్కు దేశపు ఆచార్యుడు ఫాంగర్ పరీక్షలను చెప్పక విడువరాదు. 1980 దశకమున ఆయనయు, ఆయన సహచరులును మనుష్యులను గదులలో కూర్చుండబెట్టి, కప్పును కొంత కొంత వేడిగాను చల్లగాను మార్చుచు, ఎప్పుడు అసౌఖ్యమని చెప్పుదురో వ్రాసికొనిరి. వెచ్చని కప్పు తక్కిన గదికంటె అయిదు డిగ్రీలు మీఱినంతనే సణుగుట మొదలు. చల్లని కప్పైనచో పదునాలుగు డిగ్రీల భేదమువఱకు సహింతురు. నెత్తిమీద వేడిని మనిషి ఓర్వడు, చలువను ఓర్చును. నా యభిప్రాయమున ఈ కప్పు పలకలు చలిదేశములవారు వెచ్చదనమునకై కల్పించినను, దేహస్వభావమునుబట్టి ఎండదేశముల సొత్తు. వెచ్చదనము పాదములనుండి వచ్చుట మేలు. కొరియావారు ఆ మాట ఏనాడో ఎఱుగుదురు.

ఉష్ణదేశములలో దీనిని నెగ్గించిన నిదర్శనములు రెండు చెప్పెదను. బ్యాంకాకులోని సువర్ణభూమి విమానాశ్రయము 2006లో తెఱవబడినది. అది సముద్రతీరపు తేమగాలి నేల. అక్కడ గాజు కప్పుగుండ ఎండ లోనికి పడును. ఆ విశాలమైన నేలలో గొట్టములు పఱచి చల్లని నీటిని పాఱించి, పడిన యెండను పడినచోటనే నేల మ్రింగునట్లు చేసిరి. ఆఱిన చల్లగాలిని మనుష్యులు తిరుగు ఎత్తువఱకే వదలిరి.

రెండవది మన హైదరాబాదు శివారున, పోచారమున నున్నది. ఇన్ఫోసిస్ సంస్థవారు 2011లో అచట ఒక కార్యాలయ భవనమును కట్టి, న్యాయాధిపతి ఇరుపక్షముల వాదము వినినట్లు, దానిని సరిసమానమైన రెండు భాగములు చేసిరి. ఒక సగమున వాడుకలోనున్న ఊదుడు గాలి పద్ధతి, అదియు మేలురకమైనది. రెండవ సగమున కప్పు కాంక్రీటులో పొదిగిన గొట్టములలో చల్లని నీరు, తేమ తీసిన స్వచ్ఛమైన గాలి వేఱుగా. వ్రేలాడు పలకలు కావుగాని సూత్ర మొక్కటియే. గోడలు, కిటికీలు, పనివారు, ఎండ అన్నియు ఒక్క తీరే. రెండేండ్లు మీటర్లు చూచి లెక్కవేయగా, నీటి కప్పు గల సగము చల్లదనమునకై వ్యయపఱచిన విద్యుత్తు రెండవదానికంటె ఇంచుమించు మూడింట ఒకవంతు తక్కువ. ఈ లెక్క 2014లో అమెరికా యింజనీర్ల పత్రికలో అచ్చయి లోకమునకు తెలిసినది. తీర్పు రావలసినచో ఇట్టి సరిసమానమైన తక్కెడలోనే రావలెను. తెలుగునేలమీద అట్టి తక్కెడ నిలిచినదని చెప్పుకొనుటలో నాకు కొంత గర్వము లేకపోలేదు.

ఐనను మన గ్రామములలో ఆ గొట్టములెక్కడ, ఆ నీటి యంత్రములెక్కడ అని తమరు అడుగవచ్చును. నిజమే. కాని చిట్టాలెక్క మన యిండ్లలోను నడుచుచునే యున్నది. డాబాయింటి పై అంతస్తున మే నెల రాత్రి పది గంటలకు పంకా క్రింద పడుకొన్నవాడు చెమటలు కార్చుట, పగలు ఎండను మ్రింగిన శ్లాబు రాత్రి ఆతనికి చదివింపులు చదివించుటచేతనే. ఆ పద్దును తగ్గించుటకు డాబాపై తెల్లని సున్నము పూయుట చౌకైన యుపాయము. తెలుపు ఎండను పుచ్చుకొనదు, వచ్చిన త్రోవనే మరలించును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది ఈ కారణముననే. రేకుల యిండ్లవారికి సున్నముతోపాటు లోపల మూరెడు దిగువగా చాప గాని, గడ్డి తడిక గాని కట్టుట మేలు. రేకునకును చాపకును నడుమ గాలి అటునిటు పోవునట్లు రెండు ప్రక్కల సందు విడువవలెను. పొయ్యి యున్న గదిలో మాత్రము ఆ పని తగదు, నిప్పు భయము కలదు.

మా పాఠశాలకు తరువాత పక్కా భవనము వచ్చినది. రేకుల గదిని పడగొట్టునపుడు నేనచటనే యుంటిని. చాపలు నల్లబడి, అంచులు చివికి, వాసములకు అట్లే వ్రేలాడుచుండెను. సొమ్మసిల్లిన ఆ బాలిక అప్పటికి అంగన్‌వాడిలో పనిచేయుచుండెను. ఆమె వచ్చి, తాత కట్టిన చాపలలో చెడనిదానిని ఒకదానిని అడిగి తీసికొని, తమ కేంద్రమున పిల్లలు నిదురించు చోట రేకు క్రింద కట్టించినది.